ప్లీడరు గారు కట్టిన వంతెన

అమెరికాలో ఊళ్లకు రైళ్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, మిల్‌బ్రూక్ అనే ఏటి ఒడ్డు ఊళ్లో అమోస్ టిల్టన్ అనే ప్లీడరు ఉండేవాడు. మంచివాడే గానీ, నోరు తెరిచాడంటే మూయడం ఆయన వశంలో ఉండేది కాదు. ఆయన వాదిస్తున్నాడంటే జనం రొట్టెల బుట్టలతో కోర్టుకు వచ్చేవారు. అంతటి మాటకారి పనికొస్తాడని రాష్ట్ర శాసనసభకు పంపారు. ఏటికి వంతెన తెమ్మన్నారు.

ఆ సభ రెండేళ్లకొకసారి జరిగేది. చివరి రోజు మధ్యాహ్నం గంట కొట్టేలోగా ఓటు పడని బిల్లు మూలన పడ్డట్టే. మొదటిసారి అమోస్ నదుల పుట్టుక దగ్గర మొదలుపెట్టాడు. తన ఊరి ఏటి దాకా వచ్చేసరికి గంట కొట్టేశారు.

"మన ప్లీడరు మాటలతో వంతెన కట్టాడు. నడవండి మరి!" అని ఊరు నవ్వింది.

కుట్టుపని చేసుకునే కెజియా మాత్రం నవ్వలేదు. ఆమె కూతురు లోయిస్ అవతలి ఒడ్డున బడికి బల్లకట్టు మీదే వెళ్లాలి. ఆ తర్వాతి వసంతంలో ఏరు పొంగింది. కొన్నాళ్లకు కెజియా అమోస్ ఇంటికి వచ్చింది.

"ఏం జరిగిందమ్మా? వివరంగా చెప్పు," అన్నాడు అమోస్.

"బల్లకట్టు మోకు తెగింది. పిల్ల నీళ్లలో పడింది. జడ నా చేతికి దొరికింది కాబట్టి బతికింది. ప్రతిసారీ జడ దొరకదు."

"అయ్యయ్యో! దీన్ని కాస్త పెంచి చెప్పానంటే సభ మొత్తం ఏడ్చేస్తుంది!"

"పెంచకండి బాబూ," అంది కెజియా.

మళ్లీ సభ చివరి రోజు వచ్చింది. కెజియా కూతురితో వెళ్లి పైన జనం కూర్చునే చోట కూర్చుంది. వంతెన బిల్లు వచ్చేసరికి గడియారం పెద్దముల్లు పన్నెండుకు దగ్గర పడుతోంది. ఓటు వేద్దామన్నారు ఎవరో. వెంటనే గిబ్స్ అనే సభ్యుడు లేచాడు. బల్లకట్టు యజమానికి అతను ప్రాణమిత్రుడు.

"టిల్టన్ గారి ఉపన్యాసం వినకుండా ఓటా? ఎంత అన్యాయం! తీరిగ్గా సెలవియ్యండి సార్!"

సభంతా చప్పట్లు కొట్టింది. అమోస్ ముఖం వెలిగిపోయింది. కాగితాల కట్ట తీసి, గొంతు సవరించుకున్నాడు.

"మహాశయులారా! సృష్టి ఆదిలో..."

అయిపోయింది, అనుకుంది కెజియా.

గిబ్స్ కుర్చీలో వెనక్కి వాలి, గడియారం వంక చూసి ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వు అమోస్ కంట పడింది. చటుక్కున పైకి చూశాడు. కెజియా కళ్లు మూసుకుని ఉంది. కూతురి జడ ఆమె పిడికిట్లో బిగిసి ఉంది.

అమోస్ కాగితాలు బల్ల మీద పడేశాడు.

"మా ఏటిలో బల్లకట్టు మోకు తెగింది. ఓ పిల్ల నీళ్లలో పడింది. జడ దొరికింది కాబట్టి బతికింది. ప్రతిసారీ జడ దొరకదు. ఓటు వేయండి."

కూర్చున్నాడు.

"అదేమిటి, అప్పుడే అయిపోయిందా?" అన్నాడు గిబ్స్. ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నారు. ఔను, ఔను, కాదు, ఔను. ఆఖరి ఓటు పడ్డాక గంట మోగింది. వంతెన బిల్లు గెలిచింది.

"అమ్మా, నొప్పి! జడ వదులు!" అంది లోయిస్. అప్పుడు గానీ కెజియా పిడికిలి విడిపోలేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయామెకు.

మెట్ల దగ్గర అమోస్ ఎదురొచ్చాడు. "ఎలా మాట్లాడానమ్మా?" అన్నాడు, పాత అలవాటు కొద్దీ.

"బాగా కూర్చున్నారు బాబూ," అంది కెజియా.

నీతి: మాట్లాడటం వచ్చినవాడికి చప్పట్లు దొరుకుతాయి, మాట ఎక్కడ ఆపాలో తెలిసినవాడి వల్ల పని జరుగుతుంది.