మూడో రకం ఏరుబుట్ట

ఎండాకాలం మొదలైందంటే అడవికంతా ఒకటే పని, ఇప్పపూలు ఏరడం. తెల్లవారుజామున చెట్లు టపటపా పూలు రాల్చేస్తాయి. ఇరవై రోజులు, మహా అయితే ఇరవై రెండు. ఆ తర్వాత చెట్టు కాళ్ళు పట్టుకు బతిమాలినా ఒక్క పువ్వు రాలదు. ఆ కాస్త రోజుల్లో ఏరి, ఎండబెట్టి, దాచుకున్నవాళ్ళే వానాకాలంలో కడుపునిండా తిని పడుకుంటారు.

ఎవరి చెట్టు వాళ్ళది. తగాదాలు రాకుండా అడవి పెద్దలు ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టారు. ఎండ చెట్టు మొదలుని తాకేదాకా రాలిన పూలు చెట్టుగలవాళ్ళవి. ఎండ తాకినా వాళ్ళు రాకపోతే ఆ పూటకి ఎవరైనా ఏరుకోవచ్చు. ఎండ తాకకముందే పరాయి చెట్టు కింద చెయ్యిపెట్టి దొరికారో, ఏరిన పూలూ చేతిలో ఉన్న పనిముట్టూ అక్కడే వదిలి పోవాలి.

అడవి మొత్తంలో పెద్ద ఇప్పచెట్టు బొంతయ్య అనే ఎలుగుబంటిది. మంచివాడే, బలం ఉన్నవాడే. కాకపోతే ఏ పనైనా బాగా ఆలోచించి చేస్తానంటాడు, ఆ ఆలోచన దగ్గరే కూలబడతాడు. నిరుడు వంగి వంగి పూలు ఏరితే నడుం పట్టేసింది. పెళ్ళాం చుక్కమ్మ నెలరోజులు వావిలాకుతో కాపడం పెట్టింది. ఈ ఏడు వాళ్ళకి ఇద్దరు పిల్లలు పుట్టారు. వానలు పడితే పసివాళ్ళని వదిలి గుహ దాటడానికి లేదు. అందుకని గుహలో ఉన్న రాతితొట్టి నిండా ఎండుపూలు ఉండి తీరాలని చుక్కమ్మ ముందే చెప్పేసింది.

"నిండకపోతే?" అని అడిగాడు బొంతయ్య.

"నిండకపోతే పిల్లలు ఆకలని ఏడుస్తారు. అప్పుడు నువ్వే జోలపాడు. నీ గొంతు విన్నాక ఆకలి కూడా మర్చిపోతారు."

సరిగ్గా అప్పుడే తిరపాలు ఏరుబుట్ట తయారుచేశాడు. తిరపాలు నక్క. చేతిలో పనితనం ఉన్న నక్క, అదే వాడితో వచ్చిన చిక్కు. పొడుగాటి వెదురు కర్ర, దాని కొసకి వెదురు పళ్ళు, పళ్ళ వెనక బుట్ట. నిలబడి తోసుకుంటూ పోతే పూలు వాటంతటవే బుట్టలోకి ఎక్కుతాయి. నడుం వంచే పనే లేదు. ఒక తేనెపట్టు ఇచ్చినవాళ్ళకి ఒక ఏరుబుట్ట.

మొదటిరోజే ఏదుపంది సూదమ్మ ఎక్కడో తేనెపట్టు సంపాదించి తెచ్చి, ఏరుబుట్ట భుజాన వేసుకుని పోయింది. బొంతయ్య కూడా తేనెపట్టుతో వచ్చాడు. కానీ బుట్టని తిప్పాడు, బోర్లించాడు, వాసన చూశాడు.

"పూలతోపాటు మట్టి కూడా ఎక్కుతోందేంటి తిరపాలూ?"

నక్క కళ్ళు మెరిశాయి. "అబ్బ, ఎంత చూపు మామా నీది! ఇంతమంది వచ్చారు, ఒక్కరికైనా తట్టిందా? ఇది నీలాంటివాళ్ళకి కాదులే. రెండో రకానికి అడుగున జల్లెడ అల్లుతున్నా. మట్టి కిందికి, పూలు లోపలికి."

"ఎప్పటికి అవుతుంది?"

"ఐదే ఐదు రోజులు. రోజూ తెల్లారకముందే వచ్చి దగ్గర కూర్చో. నీ ఎత్తుకి కర్ర కొలవాలా వద్దా? నువ్వు సలహా చెప్తుంటే నేను చేస్తా."

బొంతయ్యని సలహా అడిగినవాళ్ళు పెళ్ళయ్యాక ఎవరూ లేరు. పొంగిపోయాడు. తెల్లారకముందే లేచి వాగు దాటి తిరపాలు వాకిట్లో కూర్చునేవాడు. ఇక్కడ ముడి గట్టిగా వెయ్యి, అక్కడ పన్ను సన్నగా చెక్కు అంటూ పొద్దెక్కేదాకా చెప్పి ఇంటికి పోయేవాడు.

ఐదోరోజున రెండో రకం తయారైంది. బొంతయ్య ఆశగా చెయ్యి చాపాడు.

"తీసుకో మామా, నీ ఇష్టం," అన్నాడు తిరపాలు. "కానీ నీ దగ్గర దాపరికం ఎందుకు, మూడో రకానికి చక్రాలు పెడుతున్నా."

"చక్రాలే!"

"పైన తాటాకు గొడుగు. బుట్ట నిండితే గంట మోగుతుంది. ఇంకో పదిరోజుల్లో అడవంతా గంటలు మోగించుకుంటూ పోతుంటే, నువ్వు ఈ పాతది ఈడ్చుకుంటూ పోతావా?"

గంట లేకుండా నలుగురిలో నడవడం ఊహించుకుంటేనే బొంతయ్యకి తల కొట్టేసినట్టయింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇంట్లో చుక్కమ్మ ఊరుకుంటుందా? "అక్కడ పూలు రాలిపోతున్నాయి కదయ్యా!"

"రాలనీ. నేలమీదే కదా ఉంటాయి, ఎక్కడికి పోతాయి? చక్రాల బుట్ట రానీ, అన్నీ ఒక్క పూటలో ఊడ్చేస్తా."

"ఆ బుట్ట వచ్చేలోగా నువ్వు వంగి ఏరినా సగం తొట్టి నిండేది," అని చుక్కమ్మ మొహం తిప్పేసుకుంది.

పదమూడో రోజున, తిరపాలు ఇంటినుంచి తిరిగొస్తుంటే వాగు ఒడ్డున సూదమ్మ కనిపించింది. ఏరుబుట్టకి ఒక పన్ను విరిగితే తన ఒంటిమీది ముల్లు ఒకటి పీకి ఆ సందులో బిగిస్తోంది.

"ఏం తమ్ముడూ, తొట్టి నిండిందా?"

"ఇంకా మొదలెట్టలేదక్కా. మూడో రకం వస్తోంది. నీది మొదటిది కదూ పాపం, మట్టి పడుతోందా?"

"పడుతుంది, వాగులో ముంచి కడుక్కుంటా. నా గుంట నిండి మూడు రోజులైంది. ఇప్పుడు ఏరేవి చుట్టాలకి." సూదమ్మ ముల్లు బిగించి తలెత్తింది. "అదేంటి, మొదలెట్టలేదంటావు? నీ చెట్టు కింద నేల అద్దంలా ఉంది. పొద్దున అటే వచ్చా. ఒక్క పువ్వు లేదు. రెండు గీతలు మాత్రం పడున్నాయి, బండి పోయినట్టు."

"బండా?"

"చక్రాలు తమ్ముడూ, చిన్నచిన్న చక్రాలు."

బొంతయ్య చెట్టువైపు తిరిగాడు. ఒకటే పరుగు. చెట్టు కింద సూదమ్మ చెప్పినట్టే ఉంది. ఊడ్చిపెట్టినట్టున్న నేలమీద రెండు సన్నని గీతలు వాగు దాటి తిరపాలు ఇంటివైపు పోయాయి. పదిరోజుల్లో వస్తుందన్న చక్రాలు వచ్చేశాయన్నమాట, పనిలోకి కూడా దిగాయన్నమాట. తనని వాకిట్లో కూర్చోబెట్టి ముడి ఎలా వెయ్యాలో అడుగుతున్నంతసేపూ ఇక్కడ జరిగింది ఇదీ. బొంతయ్యకి కోపంకన్నా ముందు సిగ్గేసింది. ఖాళీ తొట్టిలో పొర్లి ఆడుకుంటున్న పిల్లలు గుర్తొచ్చారు.

ఇంటికెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. చుక్కమ్మ తిట్టబోయి, మొగుడి మొహం చూసి పక్కన కూర్చుంది.

"ఎండ తాకాక ఏరితే మనం ఏమీ అనలేం. కట్టుబాటు అలాంటిది," అన్నాడు బొంతయ్య.

"పదమూడు రోజులు నువ్వు రానివాడివి, ఇక రావని వాళ్ళకి గట్టి నమ్మకం. అంత నమ్మకం ఉన్నవాళ్ళు ఎండ వచ్చేదాకా ఆగుతారా?" అంది చుక్కమ్మ. "రేపు తిరపాలు వాకిట్లో నేను కూర్చుంటా. పిల్లల్ని సూదమ్మ చూస్తుంది. నువ్వు చెట్టెక్కు."

మర్నాడు ఇంకా మసకగా ఉండగానే చుక్కమ్మ పోయి తిరపాలు వాకిట్లో అటు తిరిగి కూర్చుంది. ఆ వెలుగులో ఎలుగుబంటి వీపుకీ ఎలుగుబంటి వీపుకీ తేడా ఏం తెలుస్తుంది? గొంతు పట్టేసిందని గుసగుసగా మొదలుపెట్టింది. గొడుక్కి అంచు కడతావా? గంట ఎంత దూరం వినపడుతుంది? చక్రాలకి రంగు వేస్తే ఏ రంగు వేస్తావు? తిరపాలు సంబరంగా అన్నిటికీ జవాబులు చెప్పాడు. ఈరోజు మామని పట్టి ఉంచడం ఎంత తేలిక అనుకున్నాడు.

అక్కడ చెట్టుమీద బొంతయ్య ఊపిరి బిగబట్టి ఉన్నాడు. తూర్పు ఇంకా ఎర్రబడనేలేదు, తిరపాలు పెళ్ళాం ముత్తెమ్మ పిల్లల్ని వెంటేసుకుని, గొడుగు ఊగుతున్న చక్రాల బుట్ట తోసుకుంటూ వచ్చింది. ఏరడం మొదలుపెట్టింది. బుట్ట నిండింది. గంట గణగణా మోగింది. బొంతయ్య దభీమని కిందికి దూకాడు.

"ముత్తెమ్మా, ఎండ ఎక్కడుంది తల్లీ?"

ముత్తెమ్మ బుట్ట కర్ర వదిలేసింది. "ఈ ఒక్క రోజే అన్నయ్యా! రోజూ ఎండ పడేదాకా ఆగేవాళ్ళమే. ఈ నాలుగు రోజులనుంచే..." అని నాలుక కరుచుకుంది.

"అయితే నాలుగు రోజుల పూలు," అన్నాడు బొంతయ్య, చెట్టు మొదట్లో కాళ్ళు బారచాపుకుని.

ఎండ వచ్చి, వాకిట్లో కూర్చున్న మామ లేచి పోయాక తిరపాలు ఈల వేసుకుంటూ వచ్చాడు. "ఒసే ముత్తెమ్మా, ఇవాళ మామని రంగుల దగ్గర కట్టిపడేశా చూడు..." అంటూ చెట్టు చుట్టూ తిరిగి, ఎదురుగా కూర్చున్న మామని చూశాడు. ఇంతలో వెనకనుంచి చుక్కమ్మ వచ్చింది. "నేనైతే ఆకుపచ్చ రంగే అన్నాను కదా అబ్బాయ్, అప్పుడే మర్చిపోయావా?" అంది. తిరపాలు తోక ముడిచాడు. బుట్ట అక్కడే వదిలేసి, నాలుగు రోజుల పూలూ మధ్యాహ్నానికల్లా మోసుకొచ్చి పోశాడు.

బొంతయ్య ఎదురుచూసిన మూడో రకం అలా చేతికి వచ్చింది. తోశాడు. చక్రాలు పూలని చితకతొక్కాయి, ఆ పాకానికి చీమలు బారులు తీరాయి. చక్రాలు పీకేశాడు. గొడుగు కొమ్మల్లో ఇరుక్కుంది. గొడుగు విసిరేశాడు. గంటకి పిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చారు. గంట చుక్కమ్మ పీకేసింది. ఇక మిగిలింది మొదటిరోజు సూదమ్మ పట్టుకుపోయిన ఏరుబుట్టే. ఉన్న తేడా అంతా అడుగున జల్లెడ. సూదమ్మ వచ్చి ఆ జల్లెడ చూసి, బాగుందే అని మెచ్చుకుని, తన బుట్ట అడుగున ముల్లుతో టకటకా కన్నాలు పొడుచుకుని పోయింది.

ఇంకా ఎనిమిది రోజుల పూలున్నాయి. బొంతయ్య ఒక్క పూట మానకుండా, ఒక్క సలహా చెప్పకుండా తోశాడు. ఆఖరి పువ్వు రాలిన రోజున చుక్కమ్మ తొట్టిలో చెయ్యి పెట్టి కొలిచింది.

"నాలుగు వేళ్ళు తక్కువైంది."

బొంతయ్య తల దించుకున్నాడు. "పిల్లలకి సరిపోతాయా?"

"పిల్లలకి సరిపోతాయి, నాకూ సరిపోతాయి," అంది చుక్కమ్మ నవ్వాపుకుంటూ. "తక్కువైన నాలుగు వేళ్ళూ నీ వాటాలోవి."

నీతి: పని వాకిట్లోకి వచ్చిన రోజున చేతికి అందిన పనిముట్టే అన్నిటికన్నా కొత్తది.