కొండెక్కిన దీపం

ఒక రాజు ఉండేవాడు. అతని కోటలో తిరగలి గది ఒకటి ఉండేది.

తిరగలి అంటే మన ఇళ్లలో ఆడవాళ్లు కూచుని విసిరేది కాదు. మనిషి నిలబడి, దూలాన్ని ఛాతీతో నెట్టుకుంటూ చుట్టూ తిరగాల్సిన రాయి. ఆ గదికి కిటికీ లేదు. రాజుకు కోపం తెప్పించినవాణ్ణి పట్టుకొచ్చి, జుట్టు కత్తిరించి, అందులో వేసేవారు.

రాజుగారి తాత కాలంలో ఒక బోధకుడు ఆ కోటకు వచ్చి, బైబిలు తెరిచి, సమ్సోను కథ చదివి వినిపించాడట. సింహాన్ని వట్టి చేతులతో చీల్చినవాడు, శత్రువుల ఊరి తలుపులు పీకి భుజాన వేసుకుని కొండెక్కినవాడు, చివరికి జుట్టు పోయి, కళ్లు పోయి, చెరసాలలో తిరగలి విసిరాడని విన్నప్పుడు తాత ఏడ్చాడు. ఎందుకు ఏడ్చాడో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా అందరూ తిరగలి గది వైపే చూశారు.

ఆ రోజే తాత ఒక కట్టడి చేశాడు. ఏటా అదే రోజున రాజు తన చేతులతో ఆ రాయిని ఒక చుట్టు తిప్పాలి. లోపలున్న మనిషి ఇంటికి పోవాలి. గదిలో చీకటి గనుక, ఆ మనిషి ఇంటివాళ్లు వెలిగించిన దీపం తెచ్చి గుమ్మంలో పెట్టాలి.

మనవడి అరచేతులు మెత్తనివి. ఆ రోజు దగ్గరపడుతుంటే అతనికి అన్నం సయించేది కాదు.

అప్పుడు మసిగాజు పండితుడు వచ్చాడు. అతని మెడలో దారానికి కట్టిన గాజుపలక వేలాడుతుండేది. దానికి మసి పట్టించి ఉంది. గ్రహణం నాడు సూర్యుణ్ణి చూడటానికి మనమూ అలాంటిదే వాడతాం. గ్రహణం వదలగానే పక్కన పారేస్తాం. అతడు మాత్రం ఏం చూసినా దాంట్లోంచే చూసేవాడు. ఇలాంటివాళ్లను నేను చాలామందిని ఎరుగుదును. ఒక్కడూ నాకు నచ్చలేదు.

"ప్రభూ, సమ్సోను అనే మనిషి లేడు" అన్నాడు పండితుడు.

రాజు కూచున్నచోట ముందుకు వంగాడు. "మరి ఎవరున్నారు?"

"సూర్యుడు. ఆ కథ పుట్టిన భాషలో సూర్యుడి పేరులోంచే ఆ పేరు వచ్చింది. అతని ఏడు జడలంటే కిరణాలు. జడలు కత్తిరించిన దెలీలా అంటే రాత్రి. కళ్లు పోవడమంటే పొద్దుగుంకడం. అతడు నక్కల తోకలకు నిప్పు కట్టి శత్రువుల చేలు తగలబెట్టడమంటే ఎండలకు పంట మాడటం. తిరగలి అంటే ఆకాశం తిరగడం. పాతకాలపు జనం సూర్యుడి కథ చెప్పుకున్నారు. తరవాతివాళ్లు దానికి కాళ్లూ చేతులూ పెట్టారు."

"అంటే మా తాత?"

"ఎండను చూసి ఏడ్చారు, ప్రభూ."

సభలో నవ్వారు. రాజు అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ ఏడు తిరగలి గదిలో ఉన్నది కట్టెలవాడు. తూర్పు కొండ మీద కాపురం. రాజు ఊరేగుతుంటే చూసి, "కిరీటం వదులైందిరా, చెవులు లేకపోతే మెడలో పడేది" అన్నాడు. అంతే అతని నేరం. కట్టడి రోజు అదే గనుక, అతని పెళ్లాం ఆ పొద్దున్నే కొండ దిగి, దీపం కొంగు చాటున పెట్టుకుని సభలో నిలబడి ఉంది. దీపం గుమ్మంలో పెట్టమని ఎవరూ అనలేదు. ఈ ఏడు తలుపు తియ్యరని ఆమెకు అర్థమైంది.

"పండితులవారూ, ఆ సమ్సోనుకు ఒకసారి దాహమై ప్రాణం పోయినంత పనైందట కదా? నీళ్ల కోసం దేవుణ్ణి పిలిచాడట. మా ఊళ్లో బావులెండగట్టేది సూర్యుడే. ఆయనకెక్కడి దాహం?"

"ఎండకు భూమి పడే దాహం అది."

"తిరగలి తిప్పింది ఆకాశమైతే, ఆ పిండి ఎవరు తిన్నారండీ?"

"పిండి అంటే వెన్నెల" అన్నాడు పండితుడు, కన్నార్పకుండా.

ఏది అడిగినా అతని దగ్గర జవాబు ఉంది. జవాబు లేని ప్రశ్న ఒక్కటైనా ఉండాలి మనిషికి. అతనికి లేదు.

పండితుడు సభ వైపు తిరిగాడు. "అసలు సాక్ష్యం మీ నోళ్లలోనే ఉంది. దీపం ఆరిపోతే మీరేమంటారు?"

"కొండెక్కింది అంటాం" అన్నారు సభలోవాళ్లు.

"తలుపులు మోసుకుని సమ్సోను ఏం చేశాడు?"

"కొండెక్కాడు."

"చూశారా! ఆరిపోయాడు. సాయంత్రమైంది. అంతే కథ."

చప్పట్లు మోగాయి. రాజు లేచి నిలబడ్డాడు. "సూర్యుడికి మనమేమీ చెయ్యనక్కర్లేదు. తాతగారి కట్టడి ఈ రోజుతో సరి. రాయి తిరుగుతూనే ఉంటుంది."

గోడ అవతల రాయి తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కట్టెలవాడి పెళ్లాం దీపంలో వత్తి ఎగదోసింది.

"ప్రభువుల మాటకు ఎదురు చెప్పను. ఒక్క పొడుపుకథ మాత్రం పండితులవారు విప్పాలి."

"అడుగు" అన్నాడు రాజు. గెలిచినవాడు కాబట్టి దయగా అన్నాడు.

"ఒకాయన ఉన్నాడు. తెల్లారగానే తూర్పు కొండ మీంచి దిగుతాడు. తలకు ఎర్రగుడ్డ. ఆయన కేకతో ఊరు లేస్తుంది. ఆయన వస్తేనే పొయ్యిలు మండుతాయి. పొద్దు వాలితే ఊళ్లో కనపడడు. కొన్నాళ్లకు ఆయన జుట్టు కత్తిరించారు. చీకట్లో వేశారు. అక్కడ గుండ్రంగా తిరుగుతున్నాడు, ఆగకుండా. ఎవరాయన?"

సభలో కొందరు మీసాల చాటున నవ్వుకున్నారు. పండితుడు ఊరికి కొత్త. గాజు కంటికి ఎత్తి పట్టుకున్నాడు.

"పొడుపేముంది ఇందులో? సూర్యుడు."

"బాగా చూసి చెప్పండి."

"ఒక్క గుర్తు తప్పలేదు. సూర్యుడే. నా చదువు మీద ఒట్టు."

"మా ఆయనండీ" అందామె. "గోడ అవతల ఉన్నాడు."

వెనక వరసలో ఒకడు పక్కున నవ్వాడు. ఆ తరవాత ఆపడం ఎవరి తరమూ కాలేదు.

"అది వేరు! బతికున్న మనిషికి ఈ లెక్క పనికిరాదు" అన్నాడు పండితుడు.

"మరి చచ్చిపోయినవాడికి పనికొస్తుందా? కాదని చెప్పడానికి ఆయన రాడనేగా?" అందామె.

రాజు నవ్వలేదు. కిరీటం చెవుల మీదికి జారితే సర్దుకున్నాడు. రాయి చప్పుడు వస్తున్న గోడ వైపు తిరిగాడు.

"లోపలున్నది సూర్యుడైతే, బంధించే హక్కు నాకు లేదు. మనిషైతే, ఆ కథలోనివాడూ మనిషే. అప్పుడు తాత మాట నిలబెట్టాలి. ఎటు చూసినా తలుపు తియ్యాల్సిందే" అన్నాడు.

తలుపు తీశారు. ఆమె దీపం గుమ్మంలో పెట్టింది. రాజు లోపలికి వెళ్లి దూలం పట్టుకున్నాడు. చుట్టు పూర్తయ్యేసరికి అతని అరచేతులు బొబ్బలెక్కాయి.

కట్టెలవాడు బయటికి వచ్చాడు. తల నుంచి పాదం దాకా పిండి. మధ్యాహ్నపు ఎండ పడి మెరిసిపోతున్నాడు. పండితుడి చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"అటు కాదండీ," అంది కట్టెలవాడి పెళ్లాం. "సూర్యుడు మీ వెనకాల ఉన్నాడు."

మొగుడి చెయ్యి ఒక చేత్తో, దీపం ఒక చేత్తో పట్టుకుని ఆమె వెళ్లిపోయింది. వెలుతురు అలవాటు తప్పిన మనిషి, తడుముకుంటూ నడిచాడు.

సంజవేళ రాజు మేడ మీద కూచుని అరచేతులు ఊదుకుంటున్నాడు. పండితుడు పక్కనే ఉన్నాడు. అలాంటివాళ్లు ఓడిపోయినా లేచి వెళ్లరు.

"వాళ్లు చేరారా?" అని రాజు కావలివాణ్ణి అడిగాడు.

"చేరారు ప్రభూ. మనుషులూ దీపమూ కొండెక్కాయి."

పండితుడి ముఖం వికసించింది. "విన్నారా? ఆరిపోయింది. నేను ముందే చెప్పాను." గాజు ఎత్తి తూర్పుకేసి చూశాడు. "అదిగో, అక్కడేమీ లేదు."

రాజు తన వట్టి కళ్లతో అటు చూశాడు. కొండ మీద దీపం వెలుగుతోంది.