సూరమ్మ వేలిగుడ్డ

కడియం ఊళ్ళో పూలజడలు కుట్టే సూరమ్మ పనిలో ఎంత నేర్పరో, తన లోపం ఎవరైనా ఎత్తి చూపితే అంత గట్టిగా మనసులో పెట్టుకునే మనిషి.

ఆమె కుట్టిన జడలో ఒక్క మొగ్గ కూడా వంకరగా ఉండేది కాదు. అలాంటి చేతివేళ్ళకు పులిపిరికాయలు లేచాయి. తోడికోడలు వరాలు నలుగురిలో, "అక్కా, ఆ వేళ్ళు డాక్టరుకు చూపించుకో" అంది. అంతే, సూరమ్మ ఆమెతో మాటలు మానేసింది. వేళ్ళకు గుడ్డ చుట్టుకుంది. చాటుగా బ్లేడుతో కోసేది, సున్నం రాసేది. కోసినకొద్దీ అవి పక్కవేళ్ళకు పాకేవి.

ఏళ్ళు గడిచాయి. వరాలు కూతురు హైమకు మాఘంలో పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల దసరా వెళ్ళగానే వచ్చి, "పెద్దమ్మా, నా జడ నువ్వే కుట్టాలి" అంది. సూరమ్మకు కడుపు నిండిపోయింది. కానీ ఆ చేతులతో పెళ్ళికూతురి తల ఎలా ముట్టుకుంటుంది? నడుం నొప్పంది, చూపు ఆనడం లేదంది. హైమ ఊరుకోలేదు, గుడ్డ విప్పి చూసింది.

"వీటి కోసమా మా అమ్మతో మాట్లాడవు?" అని, అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరు అన్నిటికంటే పెద్దకాయను ఒక్కదాన్నే, మంచుకన్నా చల్లని మందుతో గడ్డకట్టించి మాడ్చాడు.

"మిగతావి ఎవరు తీస్తారు?" అని గద్దించింది సూరమ్మ.

"మీ ఒళ్ళే తీయొచ్చమ్మా. ఈ కాయలు తెచ్చే వైరస్ చర్మం పైపొరలో దొంగలా నక్కి ఉంటుంది. నెత్తురులోకి దిగదు కనుక రోగాలతో పోరాడే ఒంటి కాపలాకు దాని జాడ తెలియదు. ఇప్పుడు ఈ కాయను మాడ్చి ఒక దొంగను పట్టించాం. కాపలా గుర్తుపడితే మిగతావాళ్ళనీ వదలదు. అందరికీ ఇలా జరగదు, చూద్దాం. వేలు ఎర్రబడితే మాత్రం సున్నం రాయకండి. కాపలా కదిలిందని అర్థం."

ఇంటికొచ్చాక వేలు ఎర్రగా వాచి సలిపింది. సున్నం డబ్బా మూత తీసింది. డాక్టరును తిట్టుకుంటూనే సూరమ్మ మూత పెట్టేసింది. కొన్నాళ్ళకు మాడ్చిన కాయ రాలింది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోని కాయలు కూడా ఒక్కొక్కటే ఎండి, ఆనవాలు లేకుండా పోయాయి.

పెళ్ళిరోజున సూరమ్మ వట్టి వేళ్ళతో హైమ జడ అల్లి, మొగ్గలు కుడుతోంది. వరాలు గుమ్మంలోనే నిలబడి చూస్తోంది. సూరమ్మ తలెత్తకుండానే సూది అటువైపు చాచింది.

"చూపు ఆనడం లేదే. దారం ఎక్కించు" అంది.

వరాలు కళ్ళు తుడుచుకుని దారం ఎక్కించింది.

నీతి: దాచుకున్న లోపం మన ఒంట్లోని కాపలాకు కూడా దొరకదు. దాన్ని ఎత్తి చూపినవాళ్ళు మనకు పగవాళ్ళు కారు.