రోహన్‌కి రెండు క్రీము బిస్కెట్లు

పలాసలో జీడిపప్పు కార్ఖానా పక్కనున్న పిల్లల కేంద్రంలో, డబ్బిస్తే ప్రపంచంలో జరగని పని లేదని గట్టిగా నమ్మే ఢిల్లేశ్వరి అనే ఆయా ఉండేది. పనిలో ఆమెకు వంక పెట్టేవాళ్లు లేరు. తల్లులు జీడిగింజలు కొట్టడానికి పోతే, వాళ్ల పిల్లలు ఇరవై ముగ్గురినీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటిచేత్తో సంబాళించేది. కానీ చేతికి కలం ఇస్తే మాత్రం పామును ఇచ్చినట్టు చూసేది. పదో తరగతి పాసైన మనిషే. అయినా బ్యాంకు ఫారం నింపాలంటే పక్కవాడికి పది రూపాయలిచ్చి నింపించుకునేది. ఎవరైనా నవ్వితే, "డబ్బు పారేస్తే కొండమీది కోతైనా దిగొస్తాది. రాత ఎంత?" అనేది.

ఒకరోజు కార్ఖానా మేనేజరు ఆమెను పిలిచాడు.

"ఢిల్లమ్మా, మన కేంద్రానికి టీచరు పోస్టు వచ్చింది. జీతం నీ జీతానికి రెట్టింపు. అయితే చిన్నపిల్లల చదువులో డిప్లొమా ఉండాలట. ఏడాది కోర్సు. పాసయ్యావంటే పోస్టు నీదే. లేదంటే జూన్‌లో బయటినుంచి ఎవరినైనా తెచ్చుకుంటాను" అన్నాడు.

అప్పటికే టీచరు కోసం ఒక కొత్త కుర్చీ కూడా కొన్నాడు. మెత్తటి దిండుతో, చుట్టూ గిర్రున తిరిగే కుర్చీ. పన్నెండేళ్లుగా చాపమీదే కూర్చున్న ఢిల్లేశ్వరికి ఆ కుర్చీని చూస్తే ప్రాణం లేచివచ్చింది. ఆ రోజునుంచి దాన్ని రోజుకు రెండుసార్లు తుడవసాగింది.

కోర్సు ఫీజు ఎనిమిది వేలు. మొగుణ్ణి అడగలేదు, అప్పు చేయలేదు. సాయంత్రాలు ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టి వాయిదాల మీద కట్టింది. పక్కనే ఉన్న కాశీబుగ్గలో పెళ్లికి కట్టిన చీరల్లో సగానికి ఫాలు ఆమె కుట్టిందే అనేవారు. ఆదివారం క్లాసులకు ఒక్కటీ మానకుండా వెళ్లింది. అంతా బాగానే ఉంది గానీ, చివర్లో ఒక చిక్కు వచ్చిపడింది.

"మీ కేంద్రంలో ఒక పిల్లనో పిల్లాడినో ఎంచుకోండి. మూడు నెలలపాటు గమనించండి. ఏం తింటున్నాడు, ఎలా ఆడుతున్నాడు, దేనికి భయపడుతున్నాడు, అన్నీ అరవై పేజీల రికార్డుగా రాయండి. పరీక్షరోజు మేము వచ్చి రికార్డు చదివి, ఆ పిల్లవాణ్ణి కూడా చూస్తాం" అన్నారు కోర్సువాళ్లు.

అరవై పేజీలనేసరికి ఢిల్లేశ్వరి కలం ఊసే ఎత్తలేదు. రెండున్నర నెలలు 'రేపు, రేపు' అంటూ గడిపేసింది. ఆ తర్వాత నేరుగా బస్‌స్టాండు దగ్గరి జిరాక్సు షాపుకు వెళ్లింది. దాని ముందు 'ఇచట అన్ని కోర్సుల రికార్డులు రాయబడును' అని బోర్డు ఉంటుంది. షాపు సూర్రావు ఎప్పుడూ చెవిలో పెన్ను పెట్టుకుని ఉంటాడు.

"ఏ కోర్సు అక్కా?" అన్నాడు.

"పిల్లల్ని సూసే కోర్సు బాబూ."

"రెడీగా ఉంది. బొమ్మల్లేకుండా తొమ్మిదొందలు, బొమ్మల్తో పన్నెండొందలు."

"బొమ్మల్తోనే ఇచ్చీ" అంది ఢిల్లేశ్వరి దర్జాగా.

అట్ట మెరిసిపోతోంది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆమె దాన్ని ఇంటికి తెచ్చి దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకుంది. దండం పెట్టిందే గానీ విప్పి చూడలేదు. పరీక్షకు ముందురోజు విప్పి చూస్తే, అందులో పిల్లాడి పేరు రోహన్. కేంద్రంలో ఉన్న ఇరవై ముగ్గురిలో రోహన్ అనేవాడు లేడు.

ఆమె నాలుగేళ్ల లోకనాథాన్ని పక్కకు పిలిచింది. తాత పేరు పెట్టారు గనుక అంత చిన్నవాడికి అంత పెద్ద పేరు.

"ఒరే లోకనాథం, రేపు ఒక మేడమ్ వస్తాది. నీ పేరేటని అడిగితే రోహన్ అని సెప్పాల."

"ఎందుకు?"

"సెప్తే రెండు బిస్కెట్లిస్తాను."

"క్రీమువా, మామూలువా?"

"క్రీమువే."

"అయితే సెప్తాను" అన్నాడు లోకనాథం.

మర్నాడు కోర్సువాళ్ల తరఫున హైమవతి మేడమ్ పరీక్షకు వచ్చింది. కళ్లజోడు, చేతిలో గొడుగు; ముఖంలో మాత్రం నవ్వు లేదు. చాపమీద కూర్చుని రికార్డు చదివింది. చదివి, మళ్లీ మొదటి పేజీకి వచ్చి చదివింది.

"రోహన్‌ని పిలువమ్మా" అంది.

లోకనాథం పిలవకముందే వచ్చి నిలబడ్డాడు.

"నీ పేరేంటి నాన్నా?"

"ఇయ్యాల రోహన్."

"మరి నిన్న?"

"లోకనాథం. రేపు కూడా లోకనాథమే. బిస్కెట్లు ఇచ్చేదాకే రోహన్."

ఢిల్లేశ్వరి గబగబా బిస్కెట్ల పొట్లాన్ని కొంగుకింద దాచేసింది. హైమవతి మేడమ్ రికార్డు పైకి చదివింది. "'రోహన్ కొత్తవారిని చూస్తే చాటుకు పోతాడు. వారితో నోరు విప్పడు.'" అప్పటికి లోకనాథం ఆమె ఒళ్లో ఎక్కి కూర్చుని, ఆమె కళ్లజోడు తీసి తను పెట్టుకున్నాడు. ఆమె మెల్లగా దాన్ని వెనక్కి తీసుకుని పేజీ తిప్పింది. "'రోహన్‌కు లిఫ్టు అంటే భయం. ఐదో అంతస్తు నుంచి మెట్లమీదే దిగుతాడు.' ఈ వీధిలో లిఫ్టు ఎక్కడుందమ్మా?"

ఢిల్లేశ్వరి కిటికీలోంచి బయటికి చూసింది. కార్ఖానా రేకులు, పొగగొట్టం, గోడమీద రెండు మేకలు కనబడ్డాయి.

"కట్టిస్తన్నారండీ" అంది.

"ఈ రోహన్ నాకు బాగా తెలుసు" అంది హైమవతి మేడమ్. "సోమవారం టెక్కలిలో కనబడ్డాడు. నిన్న సోంపేటలో కనబడ్డాడు. పాపం, ఏ ఊళ్లో ఉన్నా లిఫ్టు అంటే భయపడుతూనే ఉన్నాడు."

ఇక దాచి లాభం లేదు. ఢిల్లేశ్వరి కళ్లనీళ్లు పెట్టుకుని ఉన్నదంతా చెప్పేసింది. "ఏడాదంతా ఫాల్సు కుట్టి ఫీజు కట్టుకున్నాను మేడమ్. క్లాసులన్నీ విన్నాను. ఈ రాత ఒక్కటే నా వల్ల కాదనుకున్నాను" అంది.

"సరే. ఆ పుస్తకం పక్కన పెట్టు. ఈ పిల్లాడి గురించి నీకేం తెలుసో చెప్పు."

"ఈడి గురించి సెప్పడానికి ఏటుందండి?" అని మొదలుపెట్టింది ఢిల్లేశ్వరి. "నాయిన లారీ మీద దూరం పోయిన రోజున అన్నం ముట్టడు. అన్నాన్ని లారీలాగ చేసి పెడితే సక్రాలు ముందు తింటాడు. అంకెలు రావని ఆళ్లమ్మ దిగులు. కానీ స్టేషన్లో గూడ్సు బండి కదిలిందంటే పెట్టెలు యాబై దాకా లెక్కెట్టీగలడు. ఉరిమితే నవ్వుతాడు గానీ కుక్కరు కూత పెడితే సెవులు మూసుకుంటాడు. నిద్దర పోవాలంటే నా కొంగు ఆడి సేతిలో ఉండాల. మొన్న బుధవారం, ఎవరూ అడక్కుండా, ఏడుస్తున్న పిల్లకి తన బొమ్మ ఇచ్చీసినాడండి. పుట్టి బుద్దెరిగాక ఇదే మొదలు. నాకు సంతోషంతో ఆ రోజు అన్నం తినబుద్ది కాలేదు."

అలా అరగంట చెప్పింది. హైమవతి మేడమ్ చివరిదాకా విని తల ఊపింది.

"అరవై పేజీలూ నీ నోట్లోనే ఉన్నాయి కదమ్మా! మేం రాయమన్నది ఇదే."

ఢిల్లేశ్వరి నోరు తెరిచింది. "ఇదీ సదువేనా మేడమ్? ఇదంతా రోజూ సూసేదే కదా. సదువంటే ఇంకేదో ఉంటాదనుకున్నాను."

"ఇంకేదీ ఉండదు. నీకు మార్కులు వేయాలని నాకూ ఉంది. కానీ రోహన్ అనేవాడు లేడు, లోకనాథానికి రికార్డు లేదు. డిసెంబరులో మళ్లీ రా" అని లేచి గొడుగు తీసుకుంది.

ఢిల్లేశ్వరి కోపంగా సూర్రావు దగ్గరికి వెళ్లి డబ్బు వెనక్కి అడిగింది. అతను రికార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో తప్పేం లేదక్కా. నీ పిల్లాడే దీనికి తగ్గట్టు లేడు" అన్నాడు.

జూన్‌లో ప్రత్యూష అనే కొత్త టీచరమ్మ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. "ఈమెను ఆరునెలలకే తీసుకున్నాను. డిసెంబరులో కూడా నువ్వు తప్పితే ఖాయం చేసేస్తాను" అన్నాడు మేనేజరు. ఢిల్లేశ్వరి తను తుడిచి తుడిచి మెరిపించిన కుర్చీని రోజూ ఇంకొకరి కోసం తుడవాల్సి వచ్చింది. అన్నిటికన్నా ఆ పనే ఆమెకు కష్టంగా ఉండేది.

ఈసారి ఆమె నలభై రూపాయలు పెట్టి ఒక లావుపాటి నోటుపుస్తకం కొనుక్కుంది. మళ్లీ ఫాల్స్ కుట్టి రెండో పరీక్ష ఫీజు కట్టింది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక, లోకనాథం గుప్పిట్లో తన కొంగు ఉండగానే, గోడకు ఆనుకుని రాసేది. మొదట్లో నాలుగు వరుసలకు గంట పట్టేది. కలం పారిపోతుందేమో అన్నట్టు బిగించి పట్టుకునేది. ఆగస్టు నాటికి గంటలో పేజీ రాసేది. దసరా దాటాక, రాయకపోతే ఏదో మరిచిపోయినట్టు ఉండేది.

డిసెంబరులో హైమవతి మేడమ్ మళ్లీ వచ్చింది. ఆ పుస్తకానికి నూనె మరకలున్నాయి, ఒక మూల ఎవరో కొరికారు కూడా. నూటపన్నెండు పేజీలు! ఆమె చదువుతూ రెండుసార్లు పైకే నవ్వింది. ఒకచోట కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత లోకనాథాన్ని దగ్గరికి పిలిచింది.

"నీ పేరేంటి నాన్నా?"

లోకనాథం ఢిల్లేశ్వరి వైపు తిరిగి, "ఇయ్యాల బిస్కెట్లున్నాయా?" అని అడిగాడు.

"లేవురా."

"అయితే లోకనాథమే" అన్నాడు.

ఢిల్లేశ్వరి పాసైంది. కుర్చీ ఆమెదైంది. మొదటిరోజు దానిలో హాయిగా కూర్చుని ఒక్క చుట్టు గిర్రున తిరిగింది. అంతే, ఇరవై ముగ్గురూ తమనూ తిప్పమని మీదపడ్డారు. పది నిమిషాల్లో ఆమె మళ్లీ చాపమీదికే వచ్చి చేరింది.

ఇప్పుడు ఎవరైనా రికార్డు కొనుక్కుంటామంటే ఆమె ఇలా చెబుతుంది: "డబ్బు పారేస్తే కొండమీది కోతైనా దిగొస్తాది. సదువు మాత్రం దిగిరాదు. దానికోసం మనమే కొండెక్కాల."