పోపులమ్మ తల్లికి మిరియాల సేవ

మంచుగొందికి వచ్చే భక్తులకు గుడి శిఖరం కన్నా ముందు వాసన ఎదురొస్తుంది. ఘాట్ రోడ్డు పెద్ద మలుపు దగ్గర బస్సు దిగి, పిప్పళ్ళ తోటల నడుమ కాలిబాట పట్టగానే నువ్వులనూనెలో వేగే మిరియాల ఘాటు ముక్కుకు తగులుతుంది. ముందు తుమ్ములు, ఆ వెనకే దగ్గు. కొత్తగా వచ్చినవారు కొంగూ తువ్వాలూ అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకోవడానికి నానా తంటాలూ పడతారు. అంత కష్టం అక్కరలేదు. తక్కిన కోవెలల మాట ఎలా ఉన్నా, పోపులమ్మ తల్లి సన్నిధిలో దగ్గడం అపచారం కాదు. దగ్గేవారిని వరుసలో ముందుకు పిలిచి దర్శనం చేయించడం ఇక్కడి మర్యాద.

గుడి చిన్నది. అమ్మవారు మోకాలెత్తు నల్లరాతి మూర్తి. ఈ తల్లికి చన్నీళ్ళ అభిషేకం లేదు. గోరువెచ్చని పసుపునీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో ఒళ్ళు తుడిచి, భుజాల మీదుగా నూలు దుప్పటి కప్పుతారు. హారతికి ముందు గర్భగుడి ఎదుటి పొయ్యి మీద ఇనుప మూకుడు పెట్టి, నూనె కాగాక ఆవాలు, మిరియాలు, చితక్కొట్టిన వెల్లుల్లి వేస్తారు. ఆ చిటపటలే ఇక్కడ మంగళవాద్యం. ఆ పైన అల్లం, తులసి, అడ్డసరం ఆకు, దంచిన పిప్పళ్ళు వేసి మరిగించిన కషాయాన్ని అమ్మవారికి చూపించి, పటికబెల్లం ముక్కతో తీర్థంగా ఇస్తారు. మింగేటప్పుడు ముఖం చిట్లించని భక్తుణ్ణి ఇంతవరకూ ఎవరూ చూడలేదు. తల్లి ఆ ముఖాలు చూసి నవ్వుకుంటుందని ఊరివారు ముచ్చటగా చెప్పుకుంటారు.

పూర్వం ఇక్కడ ఈ తల్లికి పోపులమ్మ అన్న పేరు లేదు. చల్లలమ్మ అని పిలిచేవారు. అమ్మవారంటే ఉగ్రం, ఆ ఉగ్రాన్ని చల్లార్చడమే మనిషి పని అని నమ్మిన కాలమది. ఊటనీళ్ళు కడవలకొద్దీ పోయడం, చద్దన్నం, మజ్జిగ నైవేద్యం పెట్టడం, వేపమండలతో విసరడం తప్ప వేరే సేవ ఉండేది కాదు. ఆ సేవలన్నీ దేముడమ్మ అనే పూజారిణి చేసేది. భర్త పోయాక గుడి ఆమె చేతికి వచ్చింది. ఊళ్ళో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు ఆమె గుమ్మమే తొక్కేవారు. ఆమె నోటి వెంట వచ్చిన మాట తల్లి మాటేనని అందరికీ గురి. రానురానూ దేముడమ్మకూ అదే గురి ఏర్పడింది. అమ్మవారేం తలుస్తుందో తనకు అడగకుండానే తెలుసునని అనుకునేది. చెడ్డ మనిషి కాదు. ఊరి పిల్లలందరినీ తన పిల్లల్లాగే చూసుకునేది. ఆ ప్రేమకు పెత్తనం తోడైంది, అంతే.

ఒక చలికాలం మంచు దిగి, ఎన్నాళ్ళకీ లేవలేదు. పట్టపగలు కూడా ఎదురింటి చూరు కనబడేది కాదు. పిల్లలకు జలుబు చేసింది. జలుబు గొంతులోకి, గొంతులోంచి రొమ్ములోకి దిగి కఫం గడ్డకట్టింది. చలికి జడిసి తల్లులు పిల్లల ఒంటికి గొంగళ్ళు చుట్టారు. జ్వరానికి పట్టిన చెమటా, గొంగళి బొచ్చు గరుకుదనమూ కలిసి ఇద్దరు ముగ్గురు పిల్లల మెడ మీద, వీపు మీద ఎర్రని పొక్కులు లేచాయి. దేముడమ్మ వచ్చి ఆ పొక్కులు చూసింది. ఒక్కసారి చూసి, అమ్మవారు పోసిందని చెప్పేసింది.

అమ్మవారు పోసిన ఇంట పాటించే నియమాలు తెలుగునాట తెలియనిదెవరికి? పోపు పెట్టకూడదు, నూనె కాచకూడదు, ఘాటు వాసన గుమ్మంలోకి రాకూడదు. దేముడమ్మ ఆ నియమాన్ని ఇంటికి కాదు, ఊరు మొత్తానికే పెట్టింది. మిరియాలు, శొంఠి, వాము, అల్లం ఏమున్నా ఊరి పొలిమేర దాటించమంది. అందరికన్నా ముందు తన ఇంటి పోపుల డబ్బా తెచ్చి గెడ్డ నీళ్ళలో కుమ్మరించింది. ఆ రోజు నుంచి మంచుగొందిలో ఒక్క మూకుడు కూడా చిటపటమనలేదు. దగ్గే పిల్లలకు చద్దన్నం, మజ్జిగ, వేపాకు నీళ్ళు పట్టారు. కఫం కరగడానికి బదులు మరింత బిగుసుకుంది.

గానుగ ఆడించే ఇంటి కోడలు అసిరమ్మకు ఒక్కగానొక్క కొడుకు అప్పన్న. వాడి రొమ్ములో గురగుర మొదలయ్యేసరికి అసిరమ్మ పని వదిలేసి వాడి పక్కనే కూర్చుంది. ఎప్పుడో తన తల్లి దగ్గుకు మిరియాలూ అల్లమూ కాచి పట్టడం గుర్తుకొచ్చింది. పారవేయకుండా దాచుకున్న కాసిని మిరియాలు, ఎండు పిప్పళ్ళు, రెండు అల్లం కొమ్ములు కొంగున మూటగట్టుకుని గుడికి వచ్చింది. పిల్లవాడికి ఇంత కషాయం కాచుకుంటానని, ఈ ఒక్కసారికి సెలవిమ్మని దేముడమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలింది. దేముడమ్మ మనసు కరగకపోలేదు. అయినా నియమం నియమమే అనుకుంది. తల్లి ఇంట్లో ఉండగా ఘాటు తగిలిందా, కోపంతో పిల్లవాడి కళ్ళు తీసేస్తుందని భయపెట్టి పంపేసింది. అసిరమ్మ మూట విప్పకుండానే వెళ్ళిపోయింది. మంచు లేవకముందే అప్పన్న పోయాడు. దేముడమ్మ పరామర్శకు వెళ్ళి, తల్లే తీసుకుపోయింది, తల్లి దగ్గరే ఉన్నాడని ఓదార్చి వచ్చింది.

తరువాత ఆ జబ్బు దేముడమ్మ మనవరాలికి పట్టుకుంది. ఆ పిల్ల పేరు చిలకమ్మ. వాగుడుకాయ. నాయనమ్మ వెంట గుడికొచ్చి, అమ్మవారికి ఊళ్ళో కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఇప్పుడు నోరు తెరిస్తే మాట రావడం లేదు. ఊపిరి తీసినప్పుడల్లా పిల్లికూతలు వినబడుతున్నాయి. పిల్ల తల్లి నీలయ్యమ్మ అత్తగారిని ఏమీ అనలేక గోడకు తల ఆనించి ఏడ్చింది. అయినా దేముడమ్మ నియమం సడలించలేదు. ఊరికొక న్యాయం, తనకొక న్యాయమా అనుకుని సేవ ఇంకా ఎక్కువ చేసింది. ఊట దగ్గరకూ గుడికీ తిరిగి తిరిగి, కాళ్ళు పీకుతున్నా లెక్కచేయకుండా, మంచులాంటి నీళ్ళు అమ్మవారి నెత్తిన కుమ్మరించింది. మధ్యాహ్నానికి ఒళ్ళు తూలి, గడప మీదే చేరగిలబడేసరికి కునుకు పట్టింది.

కలలో అమ్మవారు కనబడింది. ఉగ్రంగా లేదు. తడిసిన జుట్టు ముఖాన పడి, తడిబట్టల్లో మోకాళ్ళు కావలించుకుని ముసలమ్మలా వణుకుతూ కూర్చుంది. దగ్గుతోంది. అచ్చం చిలకమ్మ దగ్గే. గొంతు పెగలక పెగలక మాట్లాడింది.

"ఏటే దేముడమ్మా, నానొచ్చినానని నీకెవులు సెప్పినారే? పిల్లలకి మంచు పట్టింది. నాకు నీ నీళ్ళు పట్టినాయి. ఒక్క పూటైనా ఒంట్లోకి ఏడి పోనిచ్చినావా?"

దేముడమ్మ ఉలిక్కిపడి లేచింది. ఎదురుగా రాతిమూర్తి చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి. అవి తాను పోసిన నీళ్ళే. కడవ అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తింది. కషాయం కాచాలి, ఉన్నపళంగా కాచాలి. కాని ఇంట్లో ఏముంది? ఒక్క మిరియపు గింజ కూడా లేకుండా తన చేతులతోనే ఊడ్చి పారేసింది. ఊరంతా అంతే. సంతకు మనిషిని పంపితే తిరిగి వచ్చేదాకా పిల్ల ఆగేలా లేదు. అప్పుడు అసిరమ్మ కొంగు మూట కళ్ళ ముందు మెదిలింది. ఆ మూట ఇంకా ఆ ఇంట్లోనే ఉండి ఉంటుంది. ఆ గడప దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి? కోడల్ని పంపుదామా అని ఒక్క క్షణం అనుకుంది. తలుపులు మూసుకుని గుట్టుగా కాచి పడితే ఎవరికి తెలుస్తుందిలే అనీ అనుకుంది. ఆ మాట అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తానే వెళ్ళింది.

అసిరమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. గానుగ ఆగిపోయి ఉంది. దేముడమ్మ గడప బయటే నిలబడి, ఏనాడూ ఎవరికీ జోడించని చేతులు జోడించింది. చిలకమ్మ సంగతి చెప్పి, ఆ మూట ఇమ్మని అడిగింది.

అసిరమ్మ నెమ్మదిగా అంది. "ఆ యేళ నానడిగినాను గదా అత్తా. తల్లి ఒద్దంటందన్నావు."

బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లికి ఊరి పూజారిణి ఏం జవాబు చెప్పగలదు? అమ్మవారు ఇప్పుడే సెలవిచ్చిందనవచ్చు. ఆ మాట కొంత నిజమే, అంటే ఊరు నమ్ముతుంది కూడా. దేముడమ్మ ఆ మాట అనలేదు.

"తల్లి ఒద్దనలేదే అసిరీ," అంది. "ఒద్దన్నది నానే. నువ్వియ్యనంటే ఎల్లిపోతాను."

అసిరమ్మ లేచి లోపలికి వెళ్ళింది. లోపల్నుంచి ఏడుపు వినబడింది. కొడుకు పోయిన నాడు కూడా ఆమె అంత గట్టిగా ఏడవలేదంటారు. దేముడమ్మ కదలకుండా నిలబడింది. కొంతసేపటికి అసిరమ్మ ఒక చేత్తో మూట, మరో చేత్తో నూనె చెంబు పట్టుకుని బయటికి వచ్చింది.

"పొయ్యి ముట్టించు, అత్తా," అంది.

ఇంట్లో కాదు, గుడి ముందరే పొయ్యి పెట్టించింది దేముడమ్మ. ప్రతి ఇంటికీ వినబడాలి, ప్రతి ముక్కుకూ తగలాలి. అసిరమ్మ తన చేత్తో నూనె పోసింది. మిరియాలు పేలాయి. ఆ చప్పుడు విని ఊరివాళ్ళు అపచారమంటూ పరుగెత్తుకొచ్చారు. దేముడమ్మ తాను చేసిన పొరపాటు దాచుకోకుండా చెప్పింది. పొక్కులు గొంగళివని, పిల్లలను మంచుకే వదిలేశానని చెప్పింది. కొందరు ఆమెను నోటికి వచ్చినట్టు తిట్టారు. ఆమె ఆ తిట్లన్నీ పడింది.

దుప్పట్లో చుట్టి చిలకమ్మను తెచ్చారు. ఘాటు తగలగానే పిల్ల ఉక్కిరిబిక్కిరైంది. వీపు నిమురుతూ అసిరమ్మే ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. కషాయం చుక్కచుక్కగా పట్టింది. ఆముదం రాసి సెగ చూపిన తమలపాకులు రొమ్ముకు వేసింది. మరిగే గిన్నె ఆవిరి ముఖానికి తగిలేలా పట్టుకుంది. ఒక్క పెద్ద దగ్గు దగ్గి, పిల్ల గడ్డకట్టిన కఫాన్ని బయటికి కక్కేసింది. ఊపిరి లోపలికి వెళ్ళిన చప్పుడు అందరికీ వినబడింది. తరువాత కారం, కారం అని ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి తాను బతికి ఉన్నందుకు దేముడమ్మ తల్లికి దండం పెట్టుకుంది. సాయంత్రానికల్లా సంత నుంచి మిరియాలు, అల్లం వచ్చాయి. ఊరంతా పొయ్యిలు రాజుకున్నాయి. మంచు ఉన్నన్నాళ్ళూ ఆ తరువాత మరో పిల్లవాడు పోలేదు. ఆ పొయ్యి ఆవిరికి అమ్మవారి నుదుట చెమట పట్టిందని, అది చూసి జనం పోపులమ్మ తల్లీ అని మొక్కారని పెద్దలు చెబుతారు.

నేటికీ గొంతు పట్టేసినవారు, రొమ్ములో కఫంతో బాధపడేవారు, పాటగాళ్ళు, బడిపంతుళ్ళు తల్లిని దర్శించి తీర్థం పుచ్చుకుంటారు. తల్లి చల్లగా కాదు, వెచ్చగా చూస్తుందని వారి విశ్వాసం. ఊపిరి అందని పిల్లలను ఇక్కడ కూర్చోబెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళమని పూజారిణులే చెప్పి పంపుతారు. తల్లి పేరు చెప్పి మందు ఆపించడం ఈ గుడిలో అన్నిటికన్నా పెద్ద అపచారం.

పుష్యమాసంలో తల్లి పండుగ. ఆ ఉదయం పూజారి ఇంటి పెద్ద ఆడమనిషి ఒంటరిగా గానుగవారి గడపకు వెళ్ళి, బయటే నిలబడి చేతులు జోడించి సెలవడుగుతుంది. ఆ ఇంటి కోడలు తనకు ఇవ్వాలనిపించినప్పుడే ఇస్తుంది. తొందరపెట్టే అధికారం ఎవరికీ లేదు. ఒక్కో ఏడు మధ్యాహ్నం దాకా ఆమె పలకదు, ఊరంతా అలాగే కాచుకుని ఉంటుంది. వద్దనే హక్కు కూడా ఆ ఇంటికి ఉంది. ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు. అయినా పొయ్యి ముట్టించు అత్తా అన్న మాట ఆ గడప దాటి వినబడేదాకా మంచుగొందిలో ఏ తల్లీ నిప్పు రాజేయదు.