నాలుగు కొట్ల కందిపప్పు

కూర్మయ్య గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. నాగావళి ఒడ్డున ఉన్న ఆయన మఠంలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆత్మ అంటే ఏమిటని అడిగినవాడి చేత నూతిలో పూడిక తీయించారు. కోపం ఎలా పోతుందని అడిగినవాణ్ణి ఉల్లిపాయలు తరగమన్నారు. ఆయన పెద్దగా చదువుకున్నవారు కాదు, తత్త్వాలన్నీ చెవిన పడి నోటికొచ్చినవే. కానీ పనిలో వంకర ఉంటే ఆయన కంట పడకుండా పోదు, పడ్డాక మనసులోంచి పోదు.

లోకనాథం ఆయన శిష్యుల్లో చురుకైనవాడు, రైసుమిల్లులో గుమాస్తా. కొత్తగా ఖాతా తెరిచి జీతం అందులో వేయించుకుంటే ఇంత సొమ్ము బహుమతిగా ఇస్తామని కొన్ని బ్యాంకులు చెబుతాయి కదా, ఆ మాట ఎక్కడ వినబడితే అక్కడికి వెళ్ళేవాడు. ఖాతా తెరవడం, వాళ్ళు పెట్టిన గడువు దాకా ఉండడం, బహుమతి చేతికి రాగానే ఇంకో బ్యాంకుకు మారడం, ఇదీ అతని వరస. అబద్ధమాడేవాడు కాదు, ఒక్క షరతూ తప్పేవాడు కాదు. ఆ డబ్బుతోనే ఇంట్లో మిక్సీ, కూతురికి సైకిలు అమరాయి. కాకపోతే భజనలో కూర్చున్నా చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయేది. ఎక్కడి గడువు ఎప్పుడు తీరుతుందో, ఎక్కడినుంచి ఎప్పుడు లేవాలో, ఆ ఆలోచన లోపల నడుస్తూనే ఉండేది.

ఒకనాడు భజన అయ్యాక అతనే గురువు గారి దగ్గర కూర్చుని అడిగాడు.

"గురువుగారూ, నేను చేసేది తప్పా? వాళ్ళే పిలుస్తున్నారు, వాళ్ళే ఇస్తున్నారు. ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోలేదు. తప్పు కాదంటే మఠం సొమ్ము కూడా నాకు అప్పజెప్పండి. ఇలాగే తిప్పి భజన పాకకి రేకులు వేయిస్తాను. మఠం ఖాతా ఉన్న ఆ పాత బ్యాంకు మీద మనకేటి మమకారం? సంతకం నేర్చుకుని మరీ వెళ్ళిన మీ ముందుకి వేలిముద్ర వెయ్యమని సిరాపెట్టె తోశారు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. సిరాపెట్టె తోసినవాడి చొక్కా రంగు కూర్మయ్య గారు ఇప్పటికీ చెప్పగలరు. అయినా పైపంచె సర్దుకుని, "పున్నమి సంతర్పణకి కందిపప్పు నువ్వు తే. నీ పద్ధతిలోనే తే" అని లేచిపోయారు.

లోకనాథం సగం పని అయిందనుకున్నాడు. బజారులో ఆ రోజుల్లో కిరాణా కొట్ల పోటీ జోరుగా ఉంది. ఒక కొట్టులో పప్పు కొంటే స్టీలు గ్లాసు, ఇంకో చోట సబ్బు, వేరొక చోట అప్పడాల కట్ట, మరో చోట అగరొత్తులు. అతను నాలుగు చోట్లా కొని, పప్పంతా ఒకే గోనెలో పోయించి, బహుమతులు తెచ్చి గురువు గారి ముందు పరిచాడు. ఆయన గ్లాసు తిప్పి చూసి, "దళసరిగానే ఉంది" అని అందులో మంచినీళ్ళు తాగారు.

వంటచేసే అసిరమ్మ మాత్రం గోనెలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి ఎండలో పట్టి చూసింది. "ఇలాగే కలిపి ఎసట్లో పొయ్యమంటారా, అయ్యా?"

"పోసెయ్" అన్నారు కూర్మయ్య గారు ఎటో చూస్తూ.

ఆ మఠంలో ఒక కట్టుబాటు ఉంది. ఆకు పరిచాక ఆకు కాచుకోకూడదు, వెంటనే వడ్డన సాగాలి. అది కూర్మయ్య గారి గర్వం. పైగా ఆ పున్నమికి ఏటి అవతలి మఠం దాలినాయుడు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఎప్పుడో తన ఇంటి సంతర్పణలో కూర్మయ్య గారిని రెండో పంక్తిలో కూర్చోబెట్టాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. కానీ సంతర్పణ అంటే ఎలా ఉండాలో చూసి నేర్చుకుంటాడని కూర్మయ్య గారు ప్రతి ఏడూ పిలుపు మాత్రం పంపుతారు.

ఆకులు పడ్డాయి. పప్పు రాలేదు. లోకనాథం పొయ్యి దగ్గరికి పరుగెత్తాడు. అసిరమ్మ గరిటెతో పప్పు తీసి అతని అరచేతిలో వేసింది. వేళ్ళతో నలిపితే కొంత వెన్నలా జారింది, కొంత ఇసుకలా నిలిచింది.

"ఒకటి కొత్త పప్పు, ఒకటి పాతది, మిగతావి ఎక్కడివో ఆ దేవుడికే తెలియాలి. దింపితే పలుకు, ఉంచితే అడుగంటు. ఏటి చెయ్యమంటావో నువ్వే చెప్పు బాబూ."

లోకనాథం పొయ్యి వంక చూశాడు, గుండిగ వంక చూశాడు. ఏ బ్యాంకులోంచి ఎప్పుడు లేవాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలవాడు, ఇక్కడ ఇంకో గరిటెడు తీసి మళ్ళీ నలిపి చూశాడు.

పంక్తిలోంచి దాలినాయుడి గొంతు వినిపించింది. "కూర్మయ్య గారి ఆకు ఎండిపోతోందేటి? మా ఊళ్ళో రెండో పంక్తికైనా వేడిగా పెడతాం."

అందరి చూపూ కూర్మయ్య గారి మీదికి పోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లోకనాథానికి భూమిలోకి పోవాలనిపించింది. కానీ ఆయన తంబూరా తెప్పించుకుని, దాలినాయుడి ఎదుటే కూర్చుని ఒక తత్త్వం ఎత్తుకున్నారు. రెండో చరణంలో ఊపిరి చాలక ఆగితే, దాలినాయుడు తనకు తెలియకుండానే అందుకున్నాడు. ఆ ఇద్దరూ కలిసి పాడడం అక్కడున్నవాళ్ళలో సగంమంది ఎన్నడూ విననేలేదు. ఆకలి సంగతి కాసేపు ఎవరికీ గుర్తులేదు.

చివరికి అసిరమ్మ విసిగి గుండిగ దింపేసింది. పప్పు కొంత జావ, కొంత పలుకు, అడుగున కాస్త మాడు. అయినా నెయ్యి పడింది, ఆవకాయ పడింది, అప్పడాలు పడ్డాయి. దాలినాయుడు నములుతూ, "ఈ వయసులో నా పళ్ళని పరీక్షించారు గాని, పాట బాగుంది" అన్నాడు. "మీకింకా పళ్ళున్నాయని ఇప్పుడే తెలిసింది" అన్నారు కూర్మయ్య గారు. పంక్తంతా నవ్వింది.

అందరూ వెళ్ళాక లోకనాథం గుండిగ అడుగు గోకుతూ కూర్చున్నాడు. జేబులో ఫోను మోగింది. మసి చేతుల్తో తీయడమెందుకని ఊరుకున్నాడు. కూర్మయ్య గారు వచ్చి పక్కన పీట వేసుకున్నారు.

"మఠం సొమ్ము రేపట్నుంచి నువ్వే చూడు. ఎక్కడ ఉంచుతావో నన్నడక్కు."

లోకనాథం గోకడం ఆపాడు. "మరి నేనడిగినది, గురువుగారూ? తప్పా, కాదా?"

కూర్మయ్య గారు గుండిగలోకి వంగి, అడుగున అంటుకున్న ఒక పలుకు తీసి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలారు.

"ఏ కొట్టు పప్పూ చెడ్డది కాదు నాయనా. నాలుగూ ఒకే గుండిగలో పడ్డాక ఎప్పుడు దింపాలో తెలియలేదు, అంతే."