కప్పగారి వంతు

జింగ్‌హై గురువుకు ఒక అలవాటు ఉండేది. శిష్యుడి ప్రశ్న చిన్నదైతే వెంటనే జవాబు చెప్పేవాడు. పెద్దదైతే, "చూద్దాం, ఎవరైనా వస్తారేమో" అని ఊరుకునేవాడు. ఎవరో ఒకరు వచ్చేవారు కూడా, ఎందుకంటే ఆయన మఠం చైనాలో ఫుజియాన్ కొండల మీద, బాటసారి అన్నవాడు ఆగి ఆయాసం తీర్చుకోక తప్పని మలుపులో ఉండేది.

మింగ్‌దే అడిగింది, కనీసం అతని లెక్కలో, చాలా పెద్ద ప్రశ్న. "గురువుగారూ! వూయీ, అన్షీ, ఫెంగ్‌హువాంగ్. ఈ మూడు కొండల ఊలాంగ్ టీలలో ఏది గొప్పది?"

ఊలాంగ్ అంటే మనం పాలు పోసి, అల్లం దంచి, పొంగించుకునే వ్యవహారం కాదు. ఆకును పచ్చిగా వదలరు, పూర్తిగా నల్లబడనివ్వరు. ఆ రెంటి మధ్య ఎక్కడ ఆపాలన్నదే అక్కడివాళ్ల విద్య, అక్కడివాళ్ల కొట్లాట కూడా. వూయీవాళ్లు రాతి సందుల్లో పెరిగిన ఆకును బొగ్గుల సెగ మీద బాగా కాలుస్తారు. తాగితే వాన పడ్డ బండరాయి గుర్తొస్తుంది. అన్షీవాళ్లు పచ్చదనం పోకుండా ఉండలు చుడతారు. వేడినీళ్లు తగలగానే శనగగింజంత ఉండ విచ్చుకుని గదంతా పూల వాసన. ఫెంగ్‌హువాంగ్‌వాళ్లు ఏ చెట్టు ఆకు ఆ చెట్టుకే విడిగా దాస్తారు. ఒకటి తేనె వాసన, దాని పక్కది పండు వాసన, కానీ ఒక్క క్షణం ఎక్కువ నానిందా, వేపకషాయమే. మింగ్‌దేకు ఇదంతా కంఠోపాఠం. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు.

ఈ ఆరాటానికి అసలు కారణం టీ గది తాళంచెవి. ఆ గది చూసుకునే వృద్ధ సన్యాసి కిందటి చలికాలం కన్నుమూశాక, అది గురువుగారి నడుముకే వేలాడుతోంది. మఠంలో చేరిన నాటినుంచీ మింగ్‌దే పని ఊటనుంచి కావడితో నీళ్లు మోయడం. భుజాలు కాయలు కాచాయి. ఇంత తెలిసిన తనచేత నీళ్లు మోయించడమంటే గంధపుచెక్కతో పొయ్యి రాజేయడమేనని అతని గట్టి నమ్మకం. తాళంచెవి ఇంకెవరికైనా పోతే జన్మంతా కావడి కిందే తెల్లారిపోతుందని లోపల భయం కూడా ఉంది, పాపం.

"ఇవాళ ఒక అతిథి వస్తారు. మూడు టీలూ నువ్వే కాచి ఇయ్యి," అన్నాడు గురువు. "వాళ్లు తాగి వెళ్లాక నీ ప్రశ్నకు జవాబు చెబుతాను. తాళంచెవి మాట కూడా అప్పుడే."

వచ్చింది షెన్ అవ్వ. చలికాలానికి మఠానికి బొంతలు కుట్టి ఇచ్చే మనిషి. మండుటెండలో వీపు మీద మోపెడు బొంతలతో కొండెక్కి, చెమటతో తడిసి, గడపలోనే చతికిలబడింది. మింగ్‌దే మనసు ఉసూరుమంది. మరుక్షణమే తేరుకున్నాడు. గురువుగారు ఉత్తపుణ్యాన ఎవరినీ పంపరు కదా! ఈమె మారువేషంలో ఉన్న మహా రసజ్ఞురాలై ఉండాలి. అవ్వ తడారిన పెదవులు నాలుకతో తడుపుకుంటుంటే, రుచికి నాలుకను సిద్ధం చేసుకుంటోందనుకుని ఒళ్లు దగ్గర పెట్టుకున్నాడు.

మూడు మట్టి కూజాలు వరసగా పెట్టాడు. వాటి ముందు పళ్లెంలో గుప్పెడంత మట్టికప్ప. ఆకు కడిగిన మొదటి నీళ్లు తాగరు, అలాంటి బొమ్మ మీద పోస్తారు. అది అక్కడి ఆచారం. మింగ్‌దే వూయీ ఆకు కడిగి కప్ప మీద పోశాడు. అన్షీ ఆకు కడిగి పోశాడు. ఫెంగ్‌హువాంగ్ ఆకు కడిగి పోశాడు. అవ్వ కళ్లు ఆ ధారల వెంటే తిరిగాయి.

"ముందు మూత వాసన చూడండమ్మా," అని మూతలు అందించాడు. అవ్వ చూసింది. ఈలోగా వూయీ టీకి కావలసిన మరుగు తగ్గింది. నీళ్లు మళ్లీ మరిగించాడు. అన్షీకి అంత మరుగు పనికిరాదు, చల్లార్చాడు. చల్లారుస్తుంటే ఫెంగ్‌హువాంగ్ ఒక్క క్షణం ఎక్కువ నానింది. ఇంతటి రసజ్ఞురాలికి ఇదా ఇచ్చేది? ఛీ అనుకుని కప్ప మీద పోశాడు. మూడూ ఒకేసారి తయారై సమంగా ఉండాలిగా, మిగతా రెండూ కూడా పోశాడు. మళ్లీ మొదలు. కప్ప నిగనిగలాడిపోతోంది. రాతి గుణమూ, పూల గుణమూ ఎక్కడ వేరు పడతాయో చెప్పే అతని నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు.

"చిన్న స్వామీ," అంది అవ్వ చివరికి, ఎండిపోయిన గొంతుతో. "కప్పగారి వంతు అయిపోయాక నాకో గుక్క ఇప్పిస్తావా నాయనా?"

"ఒక్క క్షణం ఓపిక పట్టండమ్మా! మూడోసారి పోసిన నీళ్లలోనే అసలు తేడా తెలుస్తుంది."

అవ్వ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "పొద్దు వాలుతోంది నాయనా, కిందికి దిగాలి," అని వాకిట్లోకి నడిచింది. మింగ్‌దే చేతిలో కూజాతో నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అవ్వ రాతి తొట్టి దగ్గర ఆగి, చిప్పతో నీళ్లు ముంచి, ఎత్తి పట్టుకుని గటగటా తాగింది. మళ్లీ ముంచి తాగింది. "అబ్బ! ప్రాణం లేచొచ్చింది," అని కొంగుతో మూతి తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ "అబ్బ" కోసమే అతను అంతసేపూ కాచుకుని కూర్చున్నాడు. తన టీలకు దక్కవలసిన మాట తొట్టి నీళ్లకు దక్కేసరికి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

గురువు వచ్చి చల్లారిన కూజాల ముందు కూర్చున్నాడు.

"తొట్టిలో నీళ్లు పొద్దున తెచ్చిందెవరు?"

"నేనేనండీ," అన్నాడు మింగ్‌దే తల వంచుకుని.

"అవ్వ దారిలో ఎదురై చాలా మెచ్చుకుంది."

ఆ మాట లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. దిగినట్టే ఉంది, చెవులు ఎర్రబడ్డాయి. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? నసుగుతూనే అడిగాడు.

"మరి... మాటిచ్చారు కదండీ. మూడింటిలో ఏది గొప్పది?"

గురువు నడుమున ఉన్న తాళంచెవి విప్పాడు. మింగ్‌దే రెండు చేతులూ చాపాడు. గురువు కప్పను దగ్గరకు తీసుకుని, మెడలో వేద్దామని దానికి మెడ ఎక్కడుందో వెతికి, దొరక్క, తాళంచెవిని దాని నెత్తిన పెట్టి, శిష్యుడి వైపు తిప్పాడు.

"ఈయన్ని అడుగు. ఇవాళ మూడూ తాగింది ఈయనొక్కడే."